గేమ్ దిగింది, డీఎల్ఎల్ ఏది?

డౌన్‌లోడ్ పూర్తయ్యాక గేమ్ మీద క్లిక్ చేస్తే, ఫలానా డీఎల్ఎల్ (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఫైలు) కనబడలేదంటూ ఒక ఎర్రర్. కంప్యూటర్లో గేములాడే వాళ్లలో దీన్ని చూడనివాళ్లు అరుదు. గేమ్ అమ్మేవాడు ఆ ముక్క కూడా లోపల పెట్టి ఇస్తే పోయేదిగా అనిపిస్తుంది. ఒకప్పుడు అలాగే ఇచ్చేవాళ్లు. 1993 నాటి డూమ్ గేమ్, అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ మెమరీ పరిమితిని దాటించే డాస్/4జీడబ్ల్యూ అనే ప్రోగ్రాముని తనతోనే తెచ్చుకుంది. 1995లో విండోస్ గేముల బొమ్మలూ శబ్దాల పని చూసే మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ వచ్చాక దాని సెటప్ కూడా గేమ్ సీడీలోనే ఉండేది. సీడీలో చోటుకు కొరత లేదు కదా.

చిక్కంతా డౌన్‌లోడ్‌తో మొదలైంది. మోడెమ్ రోజుల్లో ప్రతి ఎంబీ భారమే. అందుకే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్, చాలా గేములు పంచుకునే బొమ్మల్నీ సంగీతాన్నీ ఆర్‌టీపీ అనే ఒకే ప్యాకేజీగా విడదీసింది. దాన్ని ఒక్కసారి వేసుకుంటే, ఆ తర్వాత దించుకునే గేములన్నీ చిన్నవే. ఆలోచన మంచిదే. కాకపోతే ఆర్‌టీపీ అంటే ఏంటో తెలియని ఆటగాడికి గేమ్ తెరుచుకునేదే కాదు.

అసలు తలనొప్పి మాత్రం మైక్రోసాఫ్ట్‌ది. గేముల్లోనే కలిసిపోయి ఉండే డీత్రీడీఎక్స్ అనే డైరెక్ట్‌ఎక్స్ త్రీడీ లైబ్రరీని 2005 ఫిబ్రవరి నుంచి విడి డీఎల్ఎల్‌గా మార్చింది. డైరెక్ట్‌ఎక్స్ 9 వరకే చూసినా, 2010 జూన్ నాటికి వాటి నంబర్లు 24 నుంచి 43 దాకా వెళ్లాయి. 38 అడిగే గేముకు 43 ఉన్నా లాభం లేదు, 38 ఉండాల్సిందే. అప్పటి విండోస్ ఎక్స్‌పీనేమో అడిగితే డైరెక్ట్‌ఎక్స్ 9.0సీ ఉందనే చెప్పేది, ఆటగాడు జుట్టు పీక్కోవాల్సి వచ్చేది. పోనీ ఆ ఒక్క ఫైలునీ గేమ్ ఫోల్డర్లో పడేద్దామంటే అప్పటి లైసెన్స్ ఒప్పుకునేది కాదు, సెటప్ నడపాల్సి వచ్చేది. దానికి అడ్మిన్ అనుమతి కావాలి. ఇంత తతంగం పడలేక చాలామంది ఊరూపేరూ లేని సైట్ల నుంచి డీఎల్ఎల్‌లు దించుకుని వైరస్‌లు కొని తెచ్చుకున్నారు.

చాలా గేముల కోడ్ రాయడానికి వాడే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ లైబ్రరీల సంగతీ ఇంతే. 2005, 2008, 2010, 2012, 2013 వెర్షన్లు దేనికదే వేరు, అందులో 32 బిట్ ఒకటి, 64 బిట్ ఇంకొకటి. 2015 నుంచి వచ్చినవి ఒకే ప్యాకేజీలో సర్దుకున్నాయి. స్టీమ్ లాంటి స్టోర్లు గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు ఈ సెటప్‌లను తామే నడపడంతో గొడవ చాలావరకు తగ్గింది.

ఇప్పుడు గాలి మళ్లీ అన్నీ గేముతోనే ఇచ్చే వైపు తిరిగింది. 2015లో వచ్చిన ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌వీ ఆర్‌టీపీని వదిలేసింది. దాంతో చేసిన విండోస్ గేమ్ ఎంత చిన్నదైనా, క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం బ్రౌజర్ ఇంజిన్ మొత్తాన్నీ మోసుకొస్తుంది. ఆటగాడికి హాయే. అయితే ఆ ఇంజిన్‌లో భద్రతా లోపం బయటపడితే విండోస్ అప్‌డేట్ దాని జోలికి రాదు. గేమ్ చేసినవాళ్లే కొత్తది పెట్టి మళ్లీ విడుదల చేయాలి, వాళ్లు ఇంకా ఆ పనిలో ఉంటే.