కథ చివర నీతి తగిలిస్తే ఎంపతీ రాదు

"రోజూ కథలు చదువుతున్నాం, అయినా మావాడు తమ్ముణ్ణి కొడుతూనే ఉన్నాడు. పుస్తకాలు మార్చాలా?" నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అడిగేది ఇదే. కథలతో ఎంపతీ, అంటే ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే గుణం, రావాలంటే పుస్తకాలు మార్చక్కర్లేదు. ఎలా చదువుతున్నారో చెప్పమంటే అసలు సంగతి బయటపడుతుంది.

అపోహ: కథ అవ్వగానే నీతి చెప్పి, పిల్లలకు అన్వయించాలి.

"చూశావా, ఎలుగుబంటి బొమ్మ ఇచ్చేసింది. నువ్వు మాత్రం ఇవ్వవు!" అప్పటిదాకా ఎలుగుబంటి పక్కనే ఉన్న పిల్లవాడు ఈ ఒక్క మాటతో ముద్దాయి అయిపోతాడు. రేపు ఆ పుస్తకం తీస్తే పారిపోతాడు. వాడి తప్పేముంది?

వాస్తవం: 1983లో విమర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లలకు ఒక కథ చెప్పి చేసిన ప్రయోగం చూడండి. ఒక అబ్బాయి అలమరలో చాక్లెట్ పెట్టి బయటికెళ్తాడు, అమ్మ దాన్ని వేరే అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఎక్కువగా చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. ఏడుస్తున్నవాళ్లను రెండేళ్ల పిల్లలూ ఓదారుస్తారు గానీ, ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడం నాలుగైదేళ్లకు గానీ కుదురుకోదు. ఆ ఊహకు సాధన జరిగేది కథ మధ్యలో, బొమ్మలోని ముఖం దగ్గర ఆగినప్పుడు. "వీడికి ఇప్పుడేమనిపిస్తోంది?" అని ఒక్కటి అడిగి ఊరుకోండి. జవాబు రాకపోతే "నాకైతే భయమేసేది, చీకటిగా ఉంది కదా" అనేసి పేజీ తిప్పండి.

జవాబు దిద్దకండి. తప్పిపోయిన కుక్కపిల్ల కథ చదువుతుంటే ఒక పాప "దానికి ఆకలేస్తోంది" అంది. పక్కనున్న నాన్న వెంటనే, "కాదమ్మా, బాధేస్తోంది" అన్నాడు. ఆయన్ని కాస్త ఆగమని, ఎందుకని పాపను అడిగాను. "వాళ్లమ్మ లేదుగా, ఎవరు పెడతారు?" అంది. ఇంతకంటే ఎంపతీ ఏం కావాలి!

చెడు చేస్తే శిక్ష పడుతుందని భయపెట్టే కథలూ అంతే. 3-7 ఏళ్ల పిల్లలపై 2014లో వెలువడ్డ ఒక అధ్యయనంలో, నిజం చెప్పినందుకు మెచ్చుకున్న కథ విన్నవాళ్లు ఎక్కువగా నిజం చెప్పారు. అబద్ధానికి శిక్ష పడే కథలు ఆ పని చేయలేదు.

మిగతావి త్వరగా. "మాటలు రానివాళ్లకు చదివితే వేస్ట్": కాదు, పుట్టినప్పటి నుంచీ చదవమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే చెప్పింది. "ఒకే పుస్తకం పదేపదే అడుగుతోంది": చదవండి, కథ తెలిశాక చూపు ముఖాల మీదికి వెళ్లొచ్చు. "రోజూ ఇన్ని నిమిషాలు చదివితే గొడవలుండవు" అనే ఫార్వర్డులను డిలీట్ చేయండి.

ఇక "కుందేలు ఏడుస్తుంటే నవ్వుతున్నాడు, జాలి లేదా?" అని కంగారు పడేవాళ్లకు: మూడేళ్లవాడికి ఆ వంకర మూతి నవ్వు తెప్పించి ఉండొచ్చు, టెన్షన్ వద్దు. ఇంట్లో నిజంగా ఎవరు ఏడ్చినా అసలు పట్టించుకోకపోతే, మాటలూ ఆలస్యమవుతుంటే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి. అది పుస్తకాలతో తేలే విషయం కాదు.