గేజ్ ఎక్కువ చూపిస్తేనే ప్రమాదం

రామగుండంలోనో, భూపాలపల్లి దగ్గరి చెల్పూరులోనో థర్మల్ ప్లాంటు బాయిలర్‌ను ఓవర్‌హాలింగ్‌కు ఆపితే, తప్పక చేసే పనుల్లో ఒకటి ట్యూబుల మందం చూడటం. మన బొగ్గులో బూడిద ఎక్కువ. పొగతో పాటు వేగంగా కొట్టుకొచ్చే ఆ బూడిద ఏళ్ల తరబడి ట్యూబులను గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు అరగదీస్తుంది. గోడ పలచబడ్డ చోట లోపలి ఆవిరి ఒత్తిడికి ట్యూబు పగులుతుంది. కోసి చూడలేం, మందం కొలిచే వెర్నియర్ లోపలికి దూరదు. అందుకే శబ్దంతో మందం చెప్పే అల్ట్రాసోనిక్ గేజ్.

ఈ గేజ్ నిజానికి కొలిచేది కాలాన్ని. లోహానికి ఆనించే దాని ప్రోబ్ పంపే శబ్దం మన చెవికి అందదు. సాధారణంగా సెకనుకు 50 లక్షల కంపనాలుంటాయి. అది ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో పోయి, అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. 10 మిల్లీమీటర్ల ప్లేటులో రానూపోనూ పట్టేది 3.4 మైక్రోసెకన్లే. ఆ కాలాన్ని వేగంతో గుణించి సగం చేస్తే మందం వస్తుంది. వేగం ఎంతో గేజ్‌కు మనమే చెప్పాలి. అల్యూమినియం సెట్టింగులో ఉంచి ఉక్కును చూస్తే 10 కాస్తా 10.7 అవుతుంది.

ప్రోబ్ కింద జెల్ రాయకపోతే మధ్యలో చిక్కిన గాలి శబ్దాన్ని దాటనివ్వదు, రీడింగే రాదు. అది మంచిదే, తప్పు వెంటనే తెలిసిపోతుంది. నాకు భయం వేసేది తప్పుగా వచ్చే రీడింగులతోనే, ఎందుకంటే వాటిలో చాలా వరకు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. పెయింటులో శబ్దం ఉక్కులో కంటే సగం వేగం కూడా పోదు. పైపు మీద అర మిల్లీమీటరు పెయింటు ఉంటే రీడింగులో మిల్లీమీటరు పైనే కలుస్తుంది. తుప్పు తిని బాగా పలచబడ్డ ట్యాంకు రేకులో గేజ్ మొదటి ప్రతిధ్వనిని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటే మందం రెట్టింపు కనిపిస్తుంది. వేడెక్కిన ఉక్కులో శబ్దం నెమ్మదిస్తుంది, సుమారు 55 డిగ్రీలకు ఒక శాతం. అదీ ఎక్కువవైపే. మూడు సందర్భాల్లోనూ మార్చాల్సిన ట్యూబో రేకో బాగానే ఉందని రాసుకుంటాం.

అందుకే అదే రకం ఉక్కుతో చేసిన, మందం తెలిసిన మెట్ల దిమ్మె దగ్గరుంచుకుని పని మొదట్లోనూ చివర్లోనూ గేజ్‌ను సరిచూసుకోవాలి. బూడిద, తుప్పు గీకేయాలి. గుండ్రటి ట్యూబు మీద ప్రోబ్ మధ్యగీతను (శబ్దాన్ని పంపే సగాన్నీ అందుకునే సగాన్నీ వేరుచేసే గీతను) ట్యూబు పొడవుకు అడ్డంగా పెట్టి, కొద్దిగా అటూ ఇటూ ఊపి, వచ్చినవాటిలో అతి తక్కువ అంకెను రాసుకోవాలి. సగటు తీయొద్దు. బూడిద ట్యూబును చుట్టూ సమానంగా తినదు.