గోడ నీళ్లు తాగే వేగం

ఈమధ్య టైల్స్ కొనడానికి షాపుకి వెళ్తే బిల్లు చివర్లో ఒక డబ్బా ప్రైమర్ (టైల్స్ అతికించే ముందు గోడకు కొట్టే పూత) కూడా చేరుతోంది. ఇంటికి తెచ్చాక మేస్త్రీ దాన్ని పక్కన పెట్టి, "ఇదెందుకండీ, సిమెంట్ పాలు కొడితే చాలు, మొదట్నుంచీ అలాగే అతికిస్తున్నాం" అంటాడు. ఇంటివాళ్లకు టెన్షన్. షాపతను అమ్ముకోవడానికి చెప్పాడా, మేస్త్రీ పని తగ్గించుకోవడానికి చెప్తున్నాడా? ఇద్దరూ గోడను చూడకుండానే మాట్లాడారు, చిక్కంతా అక్కడే ఉంది. ప్రైమర్ కావాలా వద్దా అన్నది ఆ గోడ నీళ్లను ఎంత వేగంగా లాగుతుందన్న దాన్నిబట్టి తేలుతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న విట్రిఫైడ్ టైల్ 9 మిల్లీమీటర్ల మందంతో సుమారు 15 కిలోలు తూగుతుంది. దాని వైశాల్యం 0.72 చదరపు మీటర్లు. బరువును వైశాల్యానికి పంచితే చదరపు మిల్లీమీటరుకు పడే భారం దాదాపు 0.0002 న్యూటన్లు. టైల్స్ అతికించే సిమెంట్ పొడి మిశ్రమమైన మామూలు రకం టైల్ గమ్‌కు యూరోపియన్ ప్రమాణం కోరే పట్టు చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్లు. అంటే బరువు మోయడానికి చాలినదానికి రెండు వేల రెట్లకు పైనే! అయినా టైల్స్ ఊడుతున్నాయి. కారణం, గోడా టైలూ ఒకే తీరున కదలకపోవడం. కొత్త కాంక్రీటు, ప్లాస్టరింగు ఆరేకొద్దీ నెలల తరబడి కుంచించుకుపోతాయి, టైల్ మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఎండకు కాంక్రీటు ఒక్కో డిగ్రీకి మీటరు పొడవున సుమారు 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరిగితే, టైల్ 6, 7 మైక్రాన్లే పెరుగుతుంది. పడమటి గోడ వేడి పగటికీ రాత్రికీ 30 డిగ్రీలు మారిందనుకుంటే, మీటరుకు ఆ తేడా మిల్లీమీటరులో పదో వంతు. చూడ్డానికి ఎంతో కాదు గానీ ఎండాకాలమంతా రోజూ జరుగుతుంది. ఆ తోపులాటనంతా భరించాల్సింది మధ్యనున్న మూడు మిల్లీమీటర్ల గమ్ పొర.

ఆ పొర గట్టిపడడానికి నీళ్లు కావాలి. సిమెంట్ ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. 100 గ్రాముల సిమెంట్ పూర్తిగా పనిచేయాలంటే దాదాపు 40 గ్రాముల నీరు దాని దగ్గరే ఉండాలి, అదీ గంటల తరబడి, రోజుల తరబడి. మూడు మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరు గోడకు పట్టే గమ్ పొడి సుమారు 4 కిలోలు, అందులో కలిపే నీరు ఒక లీటరు. ఈ లీటరు నీటిని ఒకవైపు గాలి ఆరబెడుతుంటే, రెండోవైపు గోడ లాగేస్తుంటుంది.

గోడ లాగుడును తక్కువగా అంచనా వేయకూడదు. ప్లాస్టరింగులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఒక మైక్రాన్ వ్యాసార్థమున్న రంధ్రంలో నీటి తలతన్యత పుట్టించే లాగుడు దాదాపు 1.4 వాతావరణ పీడనాలు, అంటే 14 మీటర్ల ఎత్తు నీటి స్తంభాన్ని నిలబెట్టేంత. పైగా లాగే నీరు కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. మొదటి నిమిషంలో తాగినంత మళ్లీ తాగడానికి ఇంకో మూడు నిమిషాలు పడుతుందన్నమాట. నష్టం జరిగేది మొదట్లోనే. అలాంటి గోడ మీద గమ్ వేస్తే, గోడను తాకే వైపున సిమెంట్ నీళ్లు చాలక సగం పొడిగానే మిగిలిపోతుంది. ఊడిన టైల్‌ని తిప్పి చూస్తే కథ తెలుస్తుంది. గమ్ అంతా టైల్ వెనకే అంటుకుని, గోడ వైపు చేతికి పొడి రాలుతుంటే, నీళ్లను గోడ తాగేసిందని అనుమానించాలి.

పాత మేస్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. సిరామిక్ టైల్స్‌ని బకెట్లో నానబెట్టడం, ముందురోజు గోడ తడపడం, వెనక సిమెంట్ పాలు పూయడం అన్నీ నీటిని కాపాడుకునే ఉపాయాలే. గోడలకు వేసే సిరామిక్ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీరు పీలుస్తుంది, నానబెట్టకపోతే మాలులోని నీటిని అటునుంచి అదీ లాగేస్తుంది. విట్రిఫైడ్ టైల్ పీల్చేది 0.5 శాతం లోపే. సిమెంట్ పాలు చొరబడి పట్టుకోవడానికి దానిలో సందుల్లేవు. అందుకే పాత పద్ధతి దీని దగ్గర విఫలమవుతోంది, టైల్ గమ్ వచ్చింది కూడా అందుకే. అందులో సిమెంట్, ఇసుకతో పాటు రెండు ముఖ్యమైన పదార్థాలుంటాయి. పాలిమర్ పొడి నున్నటి టైల్‌కి అతుక్కుంటుంది. సెల్యులోజ్ నుంచి తయారుచేసిన ఇంకో పదార్థం నీటిని జెల్లీలా పట్టి ఉంచి, గోడ లాగే వేగాన్ని తగ్గిస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది: సిమెంట్ ప్లాస్టరింగు బాగా క్యూరింగ్ అయి, గరుకుగా, దుమ్ము లేకుండా ఉండి, మీరు మంచి టైల్ గమ్ వాడుతుంటే, చాలాసార్లు ప్రైమర్ అక్కర్లేదు. ఆ డబ్బు మెరుగైన గమ్‌కి పెట్టడం నయం.

మరి ఎక్కడ కావాలి? మొదటగా జిప్సం ప్లాస్టర్ మీద. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలకు ఇది మామూలైపోయింది, వంటింటి గట్టు పైన టైల్స్ దాని మీదే వేసేస్తున్నారు. ఇక్కడ నీటిని లాగడంతో పాటు రసాయన గొడవ కూడా ఉంది. సిమెంట్‌లోని అల్యూమినేట్లు, జిప్సంలోని సల్ఫేటు, నీరు కలిస్తే ఎట్రింగైట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. ఒక్కో అణువు 32 నీటి అణువులను కలుపుకుని ఉబ్బుతుంది. ఈ స్ఫటికాలు సరిగ్గా గమ్‌కీ ప్లాస్టర్‌కీ మధ్యే పెరిగి టైల్‌ని లోపల్నుంచి నెట్టేస్తాయి. ప్రైమర్ ఇక్కడ రెండింటినీ విడదీసే పొర, దీన్ని మానకూడదు. బాత్రూంలో అయితే ప్రైమర్ కొట్టినా సరే జిప్సం వద్దు. లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరిగిపోయే పదార్థం రోజూ తడిసే చోట నిలవదు.

రెండోది, నీరు దాదాపు పీల్చని తలాలు. పాత ఇళ్లలో నునుపు తేలిన తాండూరు బండల మీద, షాబాద్ బండల మీద, మొజాయిక్ మీద, పాత టైల్స్ మీదే కొత్తవి వేయాలనుకుంటారు. ఇక్కడ కావలసింది సన్న ఇసుక రేణువులు కలిపిన ప్రైమర్, అది గరుకుదనం ఇస్తుంది. నీళ్లలా పల్చటి ప్రైమర్ ఇక్కడ పనికిరాదు. అంతకంటే ముందు ఏళ్లుగా పట్టిన నూనె జిడ్డు, పాలిష్ మైనం వదిలించాలి, డొల్లగా మోగే బండల్ని పీకేయాలి.

ప్రైమర్ కాపాడలేని గోడలూ ఉన్నాయి. సున్నం కొట్టిన గోడ, పుట్టీ పెట్టిన గోడ, పెచ్చులూడుతున్న రంగు. ప్రైమర్ పుట్టీకి అతుక్కుంటుంది, గమ్ ప్రైమర్‌కి అతుక్కుంటుంది, చివరికి పుట్టీయే గోడను వదిలేస్తుంది. వీటిని గీకి, గాట్లు పెట్టి, కింది ప్లాస్టరింగు బయటపడేదాకా పని చేయించాల్సిందే. మేస్త్రీకి ఈ గీకుడు కూలీ విడిగా ఇవ్వకపోతే ఆ పని జరగదు, అది న్యాయమే.

మీ గోడ ఏ రకమో తెలుసుకోవడానికి లాబ్ అక్కర్లేదు. చేతివేళ్లతో నాలుగు చుక్కలు చల్లి చూడండి. పడీ పడగానే చుక్క మాయమైతే గోడ మరీ ఎక్కువ తాగుతోంది, ప్రైమర్ కొట్టండి. పూసల్లా నిలబడి జారిపోతే ఏదో నూనో రంగో పూతో ఉంది. ఒకట్రెండు నిమిషాల్లో మెల్లగా ఇంకితే మామూలు గోడ. తర్వాత అరచేత్తో రుద్దండి. చేయి తెల్లబడితే ముందు చీపురు, తడిగుడ్డ. అయినా కొంచెం దుమ్ము మిగిలితే ప్రైమర్ దాన్ని పట్టి ఉంచుతుంది. ఇది చేయగలిగేది మైక్రాన్‌కంటే చిన్న అక్రిలిక్ రేణువులు రంధ్రాల్లోకి దిగి, ఆరాక ఒకదానికొకటి అతుక్కుని సన్నటి పొర కట్టడం వల్ల.

షాపులో "ప్రైమర్" అని మాత్రమే అడిగితే గోడ రంగు కింద కొట్టే ప్రైమర్ ఇచ్చేస్తారు. అది వేరు. చెక్కపనికి వాడే తెల్ల జిగురును నీళ్లలో కలిపి కొట్టేవాళ్లూ ఉన్నారు. దానిలో ఉండే పాలీవినైల్ అసిటేట్ తడి గమ్ తగలగానే మళ్లీ మెత్తబడుతుంది, బాత్రూంలో అయితే తడి తగిలిన ప్రతిసారీ. డబ్బా మీద రాసినంత నీరే కలపాలి. చిక్కగా రెండు మూడు కోట్లు కొట్టి గోడ మెరిసేలా చేస్తే, గమ్‌కి పట్టు దొరకని నున్నటి తలాన్ని మనమే తయారుచేసినట్టు.

ప్రైమర్ ఆరాక కూడా సగం సమస్య మిగిలే ఉంటుంది, గాలి వైపుది. గోడ మీద పరిచిన గమ్ 20 నిమిషాల దాకా అతుకుతుందని సంచి మీద రాసేది 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొలిచిన లెక్క. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో దానిపై పొర అంతకంటే చాలా ముందే కడుతుంది. వేలితో తాకితే గమ్ వేలికి అంటకపోతే, దాన్ని గీకేసి కొత్తది వేయాల్సిందే, నీళ్లు చల్లి మెత్తబరచకూడదు.