ఆరాధనలో పాట నడిపించే పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

సంఘంలో పాటలు నడిపించడం మొదలుపెట్టాక మీలో కొందరు, "పాడుతున్నంతసేపూ నా గొంతు ఎలా ఉందో అన్న భయమే" అంటున్నారు. మరికొందరు, "మనసు నిలవడం లేదు, స్పీకరు గోల, ఆలస్యంగా వచ్చేవాళ్లు, అన్నీ కంటపడుతున్నాయి" అంటున్నారు. నాకు ఈ రెండూ ఒకే బాధగా కనిపిస్తాయి. దేవుని వైపు ఉండాల్సిన చూపు మన మీదికి తిరిగినప్పుడే భయమూ వస్తుంది, ధ్యాసా చెదురుతుంది.

ఇశ్రాయేలు రాజైన సౌలు సంగతి గుర్తు చేసుకోండి. దావీదు సితారా వాయిస్తే ఒకప్పుడు అతని మనసు నెమ్మదించేది. తర్వాత స్త్రీలు పాడిన పాటలో, యుద్ధంలో హతమార్చిన శత్రువులు తనకు వేలు, దావీదుకు పదివేలు అన్న లెక్క వినబడింది. ఆ రోజు నుంచి దావీదు మీద విషపు చూపు నిలిపాడని 1 సమూయేలు 18వ అధ్యాయం చెబుతుంది. మరునాడు దావీదు ఎప్పటిలాగే వాయిస్తుంటే ఈటె విసిరాడు. సితారా అదే, వాయించేవాడూ అతడే. పోలిక మనసులో దూరాక ఆ సంగీతం సౌలుకు పనిచేయలేదు. పక్కవాడి గొంతును మీ గొంతుతో కొలుస్తూ పాడే పాట కూడా మీకు అలాగే పనికిరాకుండా పోతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

అయితే అసూయ కలిగినంత మాత్రాన ఈ సేవకు తగనని అనుకోకండి. ఆసాపు దావీదు నియమించిన గాయకుల్లో ముఖ్యుడు. ఆయన పేరుతో ఉన్న 73వ కీర్తనలో, గర్విష్ఠుల క్షేమం చూసి మత్సరపడ్డాననీ, పాదాలు జారడానికి కొంచెమే తక్కువైందనీ దాచకుండా చెప్పాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేదాకా సంగతి అర్థం కాలేదన్నాడు. మీరూ పాటకు ముందే ఏకాంతంగా దేవునికి చెప్పండి: ఎవరిని చూసి కుంగిపోతున్నారో, ఎవరి మెప్పు కోసం ఎదురు చూస్తున్నారో, పేరుతో సహా.

"హృదయం సరిగా ఉంటే చాలు, సాధన ఎందుకు?" అనే మాట నేను ఒప్పుకోను. దావీదు కాలంలో యెహోవాకు పాడడంలో నేర్పు పొందినవారు 288 మంది. పిన్నా పెద్దా, గురువూ శిష్యుడూ అన్న భేదం లేకుండా వంతులకు చీట్లు వేసుకున్నారు. నేర్పూ ఉంది, పోటీ లేని వరుసా ఉంది. మీ భయంలో సగం, చరణం మరచిపోతానేమో అన్న భయమే. సాహిత్యం కంఠస్థం చేస్తే అది పోతుంది. కంగారులో గుండె వేగం పెరుగుతుంది, దాంతో తాళమూ పరుగెడుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు నెమ్మదిగా ఊపిరి వదిలి, మొదటి పల్లవిని మనసులోనే అసలు వేగంలో ఒకసారి పాడుకోండి. స్కేలును మీ గొంతు మెరిసేలా ఎంచుకోవద్దు. సంఘం అందుకోగలిగేలా ఎంచుకోండి. మీరు పై స్థాయిలో అద్భుతంగా పాడుతుంటే వాళ్లు నోరు మూసుకుని వింటారు, అప్పుడు అది కచేరీ అవుతుంది.

జర్మన్ సంగీతకర్త బాఖ్ తన స్వరప్రతుల్లో చాలావాటికి మొదట "యేసూ, సహాయం చేయి" అనీ, చివర "దేవునికే మహిమ" అనీ అర్థం వచ్చే లాటిన్ పొడి అక్షరాలు రాసేవారు. మీ పాటల కాగితం మీద మీరూ రాసుకోండి.

శ్రుతి, మైకు, పాటల వరుస లాంటివి ముందే చూసుకోండి, ఫోను దూరంగా పెట్టండి. పాడుతుండగా ధ్యాస చెదిరితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఆ తిట్టుకోవడం ఇంకో పరధ్యానం. ఆ క్షణంలో నోట ఉన్న మాట దగ్గరికి తిరిగి రండి. కీబోర్డు మీద వేలు తప్పుపడితే ముఖంలో చూపించకుండా ముందుకు సాగండి. సంఘం పట్టుకుని వచ్చేది మాటలను.

ఇక ఎదుటి ముఖాలు చదవడం మానుకోండి. చేతులు కట్టుకుని నిలబడిన మనిషి లోపల ఏం ప్రార్థిస్తున్నాడో మీకు తెలియదు. ముఖాలకు బదులు సంఘం గొంతు వినండి. ఒక చరణంలో వాయిద్యాలు ఆపించి, మైకుకు కాస్త ఎడంగా జరగండి. వాళ్లు పాడుతుంటే మీ గురించి ఆలోచించే తీరిక మీకే ఉండదు.

ఎవరైనా మెచ్చుకుంటే వందనాలు చెప్పి ఊరుకోండి. తప్పు చూపిస్తే రాసుకుని, మరుసటి సాధనలో సరిచేసుకోండి. రికార్డింగును ఆ రోజే వినకండి. మీ బృందంలో మీకంటే బాగా పాడేవారు ఉంటారు కదా, వచ్చే ఆరాధనలో ఒక పాట నడిపించమని మీరే వారిని అడగండి, వారు పాడేటప్పుడు వెనుక నిలబడి నిండు గొంతుతో కలిసి పాడండి.

క్రీస్తునందు ప్రేమతో,
మీ తాతయ్య