కుట్టు మిషను నీళ్లలో ఎందుకు వేసింది?

విశాఖపట్నం

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం మనందరం టీవీ ముందు కూర్చున్నాం, గుర్తుందా? ఏదో యుద్ధం వార్తలు. తెరకు ఒక పక్క ఎర్ర అంకెలు, ఇంకో పక్క నీలం అంకెలు, మధ్యలో మంటలు, వెనక డప్పుల మోత. మన చిన్నవాడు అరిసె కొరుకుతూ, "అమ్మమ్మా, మనది ఏ జట్టు?" అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాడి తప్పేమీ లేదు. క్రికెట్ చూపించినట్టు చూపిస్తే పిల్లవాడు జట్టు అడగక ఏమడుగుతాడు? అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మన ఇంట్లో ఒకప్పుడు జట్టు ఉండేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. మా వీధి వీధంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకు బయలుదేరిందట. వాళ్ల నాయనమ్మ మాత్రం ఆవకాయ జాడీ లేకుండా రానని ఎక్కిన బండి దిగి కూర్చుందట. జాడీ సంగతి నవ్వుతూ చెప్పేది కానీ, 'జపాను వాడు' అన్న మాట వచ్చేసరికి అమ్మ దవడ బిగుసుకునేది. అందుకే బడిలో హిరోషిమా గురించి రెండు వాక్యాలు చదివినప్పుడు, బాంబు పడింది, జపాన్ లొంగిపోయింది అని ఉంటే, నా మనసులో మెదిలిన మాట "తగిన శాస్తి". దాచను. మీ వయసులో నేనూ జట్టు మనిషినే.

హిరోషిమా మీద అమెరికా వేసిన ఆ అణుబాంబు వార్త ప్రపంచానికి ఎలా చేరిందో చూడండి. 1945 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పేరుతో ప్రకటన వచ్చింది. ముఖ్యమైన జపాన్ సైనిక స్థావరం మీద ఒక బాంబు వేశామని, దాని బలం 20,000 టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి మించినదని. రెండు లక్షలకు పైగా జనం కాపురముంటున్న ఊరు ఆ ప్రకటనలో 'స్థావరం' అయిపోయింది. అక్కడ సైనికులు ఉన్న మాట నిజమే. అందుకే అబద్ధమని కొట్టేయలేం. కానీ మర్నాటి పత్రికలు చదివినవాళ్లకు ఆ ఊళ్లో వంటిళ్లు ఉన్నట్టు ఎలా తెలుస్తుంది?

పత్రికలన్నీ చెడ్డవని అనడం లేదు, తొందరపడకండి. విల్‌ఫ్రెడ్ బర్చెట్ అనే ఆస్ట్రేలియా విలేకరి ఒంటరిగా రైలెక్కి హిరోషిమా వెళ్లి, ఒంటి మీద గాయం లేనివాళ్లు కూడా నెల తర్వాత చనిపోతున్నారని రాశాడు. సెప్టెంబరు 5న లండన్ పత్రికలో అచ్చయింది. అమెరికా అధికారులు కాదన్నారు. ఆ తర్వాత కొత్త వార్తలు వచ్చాయి, పాతది కిందికి పోయింది. వార్తకు ఉన్న కష్టమే అది. దాని మీద రేపటి వార్త పడుతుంది.

నాకు కాలేజీ రోజుల్లో గ్రంథాలయంలో 'హిరోషిమా' అనే సన్నని పుస్తకం దొరికింది. రాసిన జాన్ హెర్సీ అమెరికావాడు, ఆయనా విలేకరే. బాంబు పడిన మరుసటి సంవత్సరం అక్కడికి వెళ్లి, బతికి బయటపడిన ఆరుగురి కథ రాశాడు. 1946 ఆగస్టు 31న 'న్యూయార్కర్' పత్రిక సంచిక మొత్తాన్ని ఆ ఒక్క రచనకే ఇచ్చేసింది. తర్వాత పుస్తకమైంది.

ఆ ఆరుగురిలో ఒకావిడ హత్సుయో నాకమురా. భర్త దర్జీ. ఆయనకున్న ఆస్తి ఒక కుట్టు మిషను. సైన్యంలోకి వెళ్లి, 1942 ఫిబ్రవరి 15న, సింగపూర్ జపాన్ చేతికి చిక్కిన రోజునే చనిపోయాడు. జీతం ఆగిపోయింది. ఆవిడ ఆ మిషను బయటికి తీసి, కుట్టుపని చేసి ముగ్గురు పిల్లల్ని పోషించింది.

ఆ ఉదయం ఏం జరిగిందో హెర్సీ ఎంత నెమ్మదిగా చెబుతాడో! రాత్రంతా సైరన్లు. పిల్లల్ని నడిపించుకుని మైదానానికి వెళ్లి, అర్ధరాత్రి దాటాక తిరిగి వచ్చింది. పొద్దున మళ్లీ సైరన్ మోగింది. పిల్లలు అలిసిపోయారని ఈసారి కదిలించలేదు. పడుకోండర్రా అని చేతిలో వేరుశనగ గింజలు పోసింది. పక్కింటాయన తన ఇల్లు తనే పలక పలకగా ఊడదీస్తున్నాడు. నిప్పు వ్యాపించకుండా ఖాళీ స్థలం ఉంచాలని ప్రభుత్వం ఆజ్ఞ. ఆ చప్పుడుకు మొదట విసుక్కుంది, తర్వాత జాలిపడింది. వంటింటి కిటికీలోంచి ఆయన్నే చూస్తోంది. 8 గంటల 15 నిమిషాలు. అంతా తెల్లటి వెలుగు.

శిథిలాల కింది నుంచి ముగ్గురు పిల్లల్నీ చేతులతో తవ్వి తీసింది. ఐదేళ్ల చిన్నది మాత్రం అప్పుడే రాత్రి ఎందుకయింది, మన ఇల్లెందుకు పడిపోయింది అని అడుగుతూనే ఉంది. చుట్టూ మంటలు లేస్తున్నాయి, పారిపోవాలి. అప్పుడు ఆవిడ కుట్టు మిషను లాక్కొచ్చి, ఇంటి ముందున్న సిమెంటు నీళ్ల తొట్టిలో ముంచింది.

నేను అక్కడ ఆగిపోయాను. ఎందుకలా చేసిందో నాకెవరూ వివరించనక్కర్లేదు. మా ఇంట్లోనూ కాలితో తొక్కే మిషను ఉండేది. నాన్నకు పని లేని రెండేళ్లు అమ్మ దాని మీద వీధిలోవాళ్ల జాకెట్లూ, బడిపిల్లల లాగులూ కుట్టి పొయ్యి వెలిగించింది. ఇల్లు పోతే పోనీ, మిషను కాలిపోకూడదు. నాకమురా భర్త చనిపోయిన యాభై రోజులకే ఆ దేశపు విమానాలు మా అమ్మ ఊరి మీదికి వచ్చాయి. లెక్క ప్రకారం ఆయన మాకు శత్రువు. ఆయన భార్య ఏ జట్టో చెప్పమంటే ఆ పుస్తకం చదివినప్పటి నుంచి నాకు చేతకావడం లేదు.

పుస్తకమైతే చాలు, నమ్మేయవచ్చనుకోకండి. పుస్తకాలూ కొన్నిటిని వదిలేస్తాయి. హెర్సీ ఆరుగురిలో ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు క్రైస్తవ మతగురువులు. ఊరంతా అలాంటివాళ్లే ఉంటారా? ఆ ఊళ్లో కొరియన్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందిని బలవంతంగా పనికి తెచ్చారు. ఆరుగురిలో వాళ్లెవరూ లేరు. 'బేర్‌ఫుట్ జెన్' అనే బొమ్మల కథలో మాత్రం పక్కింటి కొరియన్ ఒకాయన కనిపిస్తాడు. అది గీసిన కీజీ నకజావా బాంబు పడినప్పుడు ఆరేళ్లవాడు, బడి గోడ అడ్డుండి బతికాడు. చిన్నవాడు దానితో మొదలుపెట్టవచ్చు, కానీ మీ అమ్మ పక్కనుండాలి. కొన్ని బొమ్మలు భయంకరంగా ఉంటాయి. జపాన్ సైన్యం చైనాలో, 1937లో నాన్‌జింగ్‌లో చేసిన ఊచకోతలు ఈ రెండు పుస్తకాలు చదివినంత మాత్రాన పూర్తిగా తెలియవు. దానికి చైనావాళ్లు రాసినది వెతకాలి. శ్రమే. ఒక యుద్ధానికి కనీసం రెండు వైపుల నుంచి రెండు పుస్తకాలు చదవందే నాతో వాదనకు రావద్దు, పెద్దదానికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఒక తమాషా. ఆ ఆరుగురిలో ఫ్యాక్టరీ గుమాస్తా తోషికో ససాకీ అనే అమ్మాయి వెనక పుస్తకాల బీరువాలు ఉండేవి. బాంబు ధాటికి అవి ఆమె మీద పడి, ఎడమ కాలు నుజ్జయింది. పుస్తకాలు పుస్తకాలని ఊదరగొట్టే నాలాంటి వాళ్లు ఆ పేజీ దగ్గర కాసేపు నోరు మూసుకోవాలి.

చనిపోయినవారి లెక్క పెరుగుతూ వచ్చింది. 1945 చివరికి సుమారు 1,40,000 అని ఆ నగరం అంచనా. అంత అంకెను నేను ఊహించలేను. నాకు ఆ మిషను ఏమైందన్నదే కావాలి. అది కూడా తెలిసింది. హెర్సీ దాదాపు నలభై ఏళ్లకు మళ్లీ వెళ్లి, ఆ ఆరుగురి తర్వాతి బతుకులు కనుక్కుని, 1985లో కొత్త అధ్యాయం రాశాడు. తొట్టిలోంచి తీసిన మిషను తుప్పు పట్టింది. బాగుచేయించుకుంది. తర్వాత జబ్బు చేస్తే డాక్టరుకు ఇవ్వడానికి డబ్బు లేక అమ్మేసింది. అంతటి కష్టకాలం తన బతుకులో ఇంకొకటి లేదని ఆవిడ అనుకునేదట.

నా దగ్గరున్న పాత ప్రతిలో ఆ అధ్యాయం లేదు. కొత్తది కొనమని మీ అమ్మకు చెప్పాను. పాతది అద్దాల బీరువాలో కింది అరలో ఉంది, అట్ట ఊడింది, మెల్లగా తీయండి. వేసవికి వచ్చేటప్పుడు మిషనుకు వేసే నూనె సీసా ఒకటి తీసుకురండి. బెల్టు కూడా వదులైంది.

మీ అమ్మమ్మ