1980లో పుట్టిన ముగ్గురు, 1947 నాటి ఒక నిషేధం: మెక్సికో మహిళా బాక్సింగ్ వెనుక కథ

ఏళ్ల తరబడి మాటల్లోనే నలిగిన ఒక బౌట్ చివరికి 2022లో టిహువానాలో జరిగింది. ఒక మూల జాకీ నావా. ఆ ఊరి అమ్మాయే, చదువుకి ఆర్కిటెక్ట్, రింగ్‌లో 'అజ్టెక్ యువరాణి'. ఇంకో మూల మరియానా హువారెస్. రాజధాని మనిషి, జనం నోట 'లా బార్బీ'. ఇద్దరికీ నలభై రెండేళ్లు. పాయింట్ల మీద నావా గెలిచింది. ఆ రాత్రితోనే గ్లోవ్స్ విప్పేసింది.

నలభై రెండేళ్లంటే బాక్సింగ్‌లో తాతమ్మ వయసు. అందులోనూ వీళ్లు ఆడేది తేలిక బరువుల్లో. అక్కడ బతుకంతా కాళ్ల వేగం మీదే నడుస్తుంది, ఆ వేగం ముప్పై దాటగానే జారిపోతుంది. అయినా ఆ బౌట్ కోసం టికెట్టు కొనేవాళ్లున్నారు. ఆ ఇద్దరి పేర్లకున్న బరువు వెనకాల వచ్చిన పిల్లల పేర్లకు ఇంకా రాలేదు మరి.

ఈ కథలో మూడో పేరు అనా మరియా టొర్రెస్, 'లా గెరెరా', అంటే యోధురాలు. మెక్సికో సిటీని ఆనుకుని పెరిగిన నెసావల్‌కోయోట్ల్ ఆమె ఊరు. హువారెస్ పుట్టింది 1980 జనవరిలో, టొర్రెస్ ఫిబ్రవరిలో, నావా ఏప్రిల్‌లో. జాతకాలు చూసేవాళ్లయితే ఆ ఏడాది గ్రహాలు ఎక్కడున్నాయో లెక్క తీస్తారు. నాకైతే కారణం కోర్టు కాగితాల్లో కనిపిస్తుంది. 1999లో మెక్సికో సిటీ ఆడవాళ్ల బాక్సింగ్ మీద నిషేధం ఎత్తేసింది. అప్పటికి ఈ ముగ్గురికీ పంతొమ్మిదేళ్లు. ఒక ఐదేళ్లు ముందు పుట్టి ఉంటే వీళ్ల మంచి వయసంతా గేటు బయటే గడిచిపోయేది.

ఆ గేటు పడింది 1947లో, మిగెల్ అలెమాన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో. ఫెడరల్ జిల్లా పరిధిలో, అంటే రాజధానిలో, స్త్రీలు బాక్సింగ్ చేయకూడదన్నారు. ఆడదాని ఒళ్లు సున్నితం, పిల్లల్ని కనాల్సిన ఒళ్లు, చూడ్డానికి బాగోదు: ఇలాంటి మాటలు ఏ దేశంలోనైనా ఒకే అచ్చులో ఉంటాయి కాబట్టి విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఒక సంగతి మాత్రం గమనించాలి. మెక్సికోలో బాక్సింగ్ లైసెన్సులిచ్చేది స్థానిక కమిషన్లు. ఎక్కడి కమిషన్ మాట అక్కడే చెల్లుతుంది. కాబట్టి నిషేధం దేశమంతటా లేదు. 

మరి రాజధాని ఒక్కటీ మూసేస్తే ఏమవుతుంది? బాక్సింగ్‌ని సరుకుగా మార్చే సరంజామా అంతా అక్కడే ఉంది. టీవీ కెమెరాలు, ప్రమోటర్లు, పత్రికలు అక్కడే. 1943లో కట్టిన అరీనా కొలిసేయో కూడా అక్కడే. పాత పేటలో పెరూ వీధి 77వ నంబరులో ఉంటుందది. రింగ్ చుట్టూ సీట్లు నిటారుగా పైకి లేస్తాయి, పై వరుసలో కూర్చున్నవాడికి బాక్సర్ నడినెత్తి కనిపిస్తుంది. అందుకే దాన్ని 'గరాటా' అని పిలుచుకుంటారు. మెక్సికోలో పేరు రావాలంటే ఆ గరాటా అడుగున నిలబడాలి. ఆడవాళ్లకి అందులోకి దారి లేదు.

ఇక లారా సెరానో. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి. (ప్యూర్టో రికో బాక్సర్ అమాండా సెరానో వేరు. ఆవిడ సంగతి చివర్లో వస్తుంది.) 1967లో మెక్సికో సిటీలో పుట్టింది. జాతీయ స్వతంత్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివింది. 1994 మే 7న లాస్ వేగాస్‌లో ఆమె తొలి ప్రొఫెషనల్ బౌట్. ఎదురుగా ఉన్నది ఆ రోజుల్లో అమెరికాలో మహిళా బాక్సింగ్‌కి మారుపేరైన క్రిస్టీ మార్టిన్. అదే రాత్రి అదే వేదిక మీద మెక్సికో పురుష బాక్సింగ్ దిగ్గజం హూలియో సేసర్ చావెస్ ఆడుతున్నాడు. ఈత రానివాణ్ని నడి గోదావరిలోకి దింపినట్టే ఉంది ఆ ఏర్పాటు. తీరా చూస్తే ఆరు రౌండ్లూ నిలబడి ఆడింది. ఫలితం డ్రా.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్లీ లాస్ వేగాస్. ఈసారి ప్రపంచ టైటిల్ కోసం, ఐర్లాండ్ నుంచి వచ్చిన డీడ్ర గోగర్టీతో. ఏడో రౌండులో సెరానో బౌట్ ముగించేసింది. ఐర్లాండులోనూ ఆడవాళ్లకి లైసెన్సు లేదు, గోగర్టీ అమెరికాలోని లూయిజియానాకి వచ్చి పడింది అందుకే. అంటే సొంతగడ్డ మీద చేయెత్తడానికి వీల్లేని ఇద్దరు పరాయి దేశంలో ప్రపంచ బెల్ట్ కోసం కొట్టుకున్నారు. గెలిచినామె బెల్ట్ భుజానేసుకుని ఇంటికెళితే ఆ ఊళ్లో అది చెల్లని నాణెం.

సెరానో అదే ఊళ్లో ఆడతానని పట్టుబట్టింది. 1990ల చివర్లో రాజధానిలో బౌట్‌కి సిద్ధమైతే కమిషన్ కుదరదంది. లాయరు కదా, రాజ్యాంగం తీసింది. నాలుగో అధికరణం: చట్టం ముందు స్త్రీ పురుషులు సమానం. 1974 చివర్లో చేర్చిన వాక్యమిది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి తొలి ప్రపంచ మహిళా సదస్సు జరిగింది మెక్సికో సిటీలోనే. అతిథులొచ్చే ముందు ఇంటికి సున్నం వేసినట్టు వేసిన వాక్యం పాతికేళ్ల తరవాత ఒక బాక్సర్‌కి పనికొచ్చింది. ఐదో అధికరణం: చట్టబద్ధమైన ఏ వృత్తినైనా ఎంచుకోవడానికి ఎవరినీ అడ్డుకోకూడదు. మెక్సికోలో 'అంపారో' అనే దావా ఉంది. ప్రభుత్వం మన హక్కు లాక్కుంటే హైకోర్టులో రిట్ వేస్తామే, దాదాపు అలాంటిది. ఆమె ఆ దారి పట్టింది. రాజధానికి జనం ఎన్నుకున్న ప్రభుత్వం వచ్చింది కూడా 1997లోనే. అంతకు ముందు అధ్యక్షుడు నియమించిన మనిషే నగరాన్ని ఏలేవాడు. ఆ గాలి మార్పు కూడా ఎంతో కొంత సాయపడి ఉంటుందని నా అనుకోలు. 1999లో నిషేధం పోయింది.

ఇంగ్లండులోనూ దాదాపు అదే సమయంలో, 1998లో, జేన్ కౌచ్ అనే బాక్సర్ లైసెన్సు కోసం బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు మీద ట్రైబ్యునల్‌లో గెలిచింది. నెలసరికి ముందు ఆడవాళ్ల మనసు నిలకడగా ఉండదన్నది అక్కడ బోర్డు వాదనల్లో ఒకటి. ముఖం మీద గుద్దులు తినే ఆటలో మగవాళ్ల మనసు ఎంత నిలకడగా ఉంటుందో ఎవరూ అడిగినట్టు లేదు.

గేటు తెరిచేసరికి సెరానోకి ముప్పై దాటాయి. లాభం వెనకాల వచ్చినవాళ్లకి దక్కింది. 1998లో రింగ్ ఎక్కిన హువారెస్, 1999లో ఎక్కిన టొర్రెస్ మొదటి వరుస. అయితే లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన బెల్ట్ రాదు. ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్, డబ్ల్యూబీసీ అంటే మనవాళ్లకీ తెలుసు, 1963లో మెక్సికో సిటీలోనే పుట్టింది, కేంద్రమూ అక్కడే. 1975 నుంచి చనిపోయేదాకా హోసే సులైమాన్ దానికి అధ్యక్షుడు. ఆ సంస్థ ఆకుపచ్చ బెల్ట్ మెక్సికో బాక్సర్‌కి దేవుడి పటంతో సమానం. అది ఆడవాళ్లకి దక్కడం 2005లో గాని మొదలు కాలేదు. ఆ ఏడాది మే నెలలో టిహువానాలో లియోనా బ్రౌన్‌ని ఓడించి నావా దాన్ని అందుకుంది.

అక్కణ్నుంచి పదేళ్లు మహిళా బాక్సింగ్‌కి మెక్సికోలో పండగ రోజులనే అనాలి. శనివారం రాత్రి డబ్బు కట్టకుండా చూసే టీవీలో బాక్సింగ్ వేయడం అక్కడి అలవాటు. పెద్ద పురుష బాక్సర్లు అప్పటికే అమెరికా కేబుల్ చానళ్లకి వలస పోయారు. ఖాళీ అయిన ఆ శనివారాల్లో ఆడవాళ్ల బౌట్లకి చోటు దొరికింది. ఇందులో ఆదర్శం పాలు తక్కువ, లెక్కల పాలు ఎక్కువ. ప్రపంచ టైటిల్ బౌట్ అని పోస్టర్ వేసుకోవచ్చు, ఖర్చు తక్కువ, జనం చూస్తారు.

వాటిలో మిన్న 2011 నాటి జంట బౌట్లు. ఏప్రిల్‌లో వెరాక్రూస్ తీరంలో టొర్రెస్, నావా తలపడ్డారు. ఫలితం డ్రా. ఇద్దరూ తామే గెలిచామనుకున్న తరహా డ్రా. జులైలో కాంకూన్‌లో మళ్లీ ఆడితే టొర్రెస్ గెలిచింది. 'మహిళా బాక్సింగ్' అనే విశేషణం అక్కర్లేకుండా జనం మాట్లాడుకున్న బౌట్లివి. హువారెస్ దారి వేరు. గెలుస్తూ, ఓడుతూ, మళ్లీ లేస్తూ సాగింది. 2017లో జాంబియా బాక్సర్ కాథరిన్ ఫిరిని ఓడించి బాంటమ్ వెయిట్ అనే బరువు విభాగంలో బెల్ట్ తెచ్చుకున్నప్పుడు ఆమెకి ముప్పై ఏడేళ్లు. 2020లో యులిహన్ లూనా అనే దురాంగో అమ్మాయి దాన్ని లాక్కుంది. హువారెస్ చెల్లెలు లూర్దెస్ కూడా ప్రపంచ చాంపియన్ అయింది.

ఈ వృత్తి లోపలి నుంచి ఎలా ఉంటుందో కాస్త చూడాలి. కొత్త బాక్సర్ నాలుగు రౌండ్ల బౌట్లతో మొదలుపెట్టి ఆరు, ఎనిమిది, పది దాకా ఎక్కాలి. మెక్సికో ఆడవాళ్ల బలమంతా 105 పౌండ్ల నుంచి 118 దాకా, అంటే నలభై ఏడున్నర కిలోల నుంచి యాభై మూడున్నర మధ్య. ఆ బరువుల్లో అరకిలో తేడా అంటే మాటలు కాదు. తూకానికి ముందు చివరి రోజుల్లో చెమట పట్టే ప్లాస్టిక్ సూట్లో తాడాట, నోరు తడుపుకోవడానికి ఐసు ముక్క. తూకం అయ్యాక మర్నాటికల్లా ఒంట్లో నీళ్లు నింపుకోవాలి. బౌట్ రోజు గ్లోవ్స్‌కి ముందు చేతులకి గుడ్డ కట్టుకట్టడం ఒక తతంగం. కోచ్ కుర్చీ తిప్పి కూర్చుని, ఆమె చెయ్యి కుర్చీ వీపు మీద పెట్టించి, వేళ్ల సందుల్లోంచి గాయాలకి కట్టే పల్చటి గుడ్డ లాగుతూ టేపు వేస్తాడు. అవతలి జట్టు మనిషి పక్కనే నిలబడి కన్నార్పకుండా చూస్తాడు. కట్టు అయ్యాక అధికారి దాని మీద సంతకం చేస్తాడు. చాంపియన్‌కైనా, మొదటి బౌట్ ఆడే పిల్లకైనా ఇందులో తేడా లేదు.

తేడా డబ్బులో ఉంటుంది. పురుషులకిచ్చే దాంతో పోలిస్తే ఆడవాళ్లకి దక్కేది చాలా తక్కువ. అందుకే వీళ్లలో ఇంకో ఉద్యోగం ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఇర్మా గార్సియా ప్రపంచ చాంపియన్‌గా ఉంటూనే మెక్సికో సిటీ పోలీసుగా పనిచేసింది. బెల్ట్ లేనివాళ్ల పరిస్థితి మరీ కష్టం. విదేశాల్లో ఎదుగుతున్న బాక్సర్ రికార్డు పెంచడానికి 'అవతలి మూల మనిషి' కావాలి. అలాంటి పిలుపు వస్తే వెళ్తారు. 2021 ఆగస్టు 28న కెనడాలోని మాంట్రియల్‌కి అలా వెళ్లింది హెనెట్ జకారియాస్ సపాటా. అగ్వాస్కాలియెంతెస్ అమ్మాయి, పద్దెనిమిదేళ్లు. మే నెలలోనే ఒకసారి నాకౌట్ అయింది. మాంట్రియల్‌లో నాలుగో రౌండ్ చివర మారీ-పియర్ ఊల్ చేతిలో దెబ్బలు తిని రింగ్‌లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఐదు రోజుల తరవాత ఆసుపత్రిలో ప్రాణం పోయింది. 1947 నాటి వాదనని దుమ్ము దులిపి బయటికి తీసేవాళ్లకి ఇది సాకు అవుతుంది. కానీ ఇక్కడ అడగాల్సింది వేరు: కొద్ది నెలల కిందట నాకౌట్ అయిన పిల్లకి ఇంకో దేశంలో, ఇంకో కమిషన్ కింద, ఇంత త్వరగా గ్లోవ్స్ ఎలా తొడిగారు? లైసెన్సులు ఊరూరా ముక్కలై ఉండటం ఒకప్పుడు రాజధాని నిషేధాన్ని రాజధాని దాటనివ్వలేదు. అదే ముక్కలతనం ఇప్పుడు ఇలాంటి పిల్లల ప్రాణాల మీదికి తెస్తోంది.

ఇప్పటి తగాదా నిమిషాల మీద. డబ్ల్యూబీసీ లెక్కలో పురుషుల టైటిల్ బౌట్ పన్నెండు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు, మొత్తం ముప్పై ఆరు. ఆడవాళ్లకి పది రౌండ్లు, రెండేసి నిమిషాలు, మొత్తం ఇరవై. భద్రత కోసమేనంటారు. ఈ సంస్థకి ఆ మాట అనే అర్హత కొంత ఉంది కూడా. 1982లో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ చనిపోయాక పదిహేను రౌండ్లని పన్నెండుకి తగ్గించడానికి ముందుకొచ్చింది సులైమానే. అయితే అమెచ్యూర్‌లో ఆడవాళ్లు మూడు నిమిషాల రౌండ్లే ఆడుతున్నారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది మూడేసి నిమిషాల రౌండ్లలోనే. అక్కడ రౌండ్లు మూడే కాబట్టి పోలిక సరిగ్గా కుదరదనుకోండి. కానీ మూడో నిమిషం ఆడదాని ఒంటికి పడదనే మాట మాత్రం నిలవదు.

రెండు నిమిషాల్లో పోయేదేమిటో చూసేవాళ్లకి తెలుస్తుంది. మెక్సికో తరహా బాక్సింగ్ అంటే డొక్కల మీద గుద్దుతూ మనిషిని మెల్లగా కుంగదీయడం. మొదటి నిమిషం కొలతలకే సరిపోతుంది, రెండోదాంట్లో పని మొదలవుతుంది, అవతలి మనిషి మోచేతులు కిందికి జారేవేళకి గంట కొడుతుంది. అందుకే ఆడవాళ్లలో నాకౌట్లు తక్కువ. నాకౌట్లు తక్కువ కాబట్టి డబ్బూ తక్కువని ప్రమోటర్లంటారు. రౌండ్లు చిన్నవి కాబట్టే నాకౌట్లు తక్కువన్న మాట మాత్రం నెమ్మదిగా అంటారు.

2023 ఫిబ్రవరిలో న్యూయార్కులో అమాండా సెరానో మెక్సికో సిటీ బాక్సర్ ఎరికా క్రూస్‌ని ఓడించి ఫెదర్ వెయిట్‌లో నాలుగు ప్రధాన సంస్థల బెల్టులూ ఒకచోట చేర్చింది. తల చిట్లి నెత్తురు కారుతున్నా క్రూస్ పది రౌండ్లూ వెనక్కి తగ్గలేదు. అదే ఏడాది అక్టోబరులో సెరానో పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడింది. డబ్ల్యూబీసీ ఒప్పుకోకపోతే డిసెంబరులో దాని బెల్ట్ తిరిగిచ్చేసింది. అప్పటికి మిగతా మూడు ఆమె దగ్గరే ఉండేవి, పెద్ద ప్రమోటర్ ఉండేవాడు, ఇవ్వగలిగింది. మెక్సికోలో నలభై తొమ్మిది కిలోల అమ్మాయికి ఆ ఆకుపచ్చ బెల్ట్ ఒక్కటే ఆస్తి. శనివారం టీవీ దాని వల్లే వస్తుంది, జిమ్ముకి పిల్లలు దాని వల్లే వస్తారు. దాన్ని ఇచ్చేసే స్థితిలో ఆ అమ్మాయి లేదు.

అదే 2023లో న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటా అనే చిన్న ఊళ్లో ఉన్న అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లారా సెరానో పేరు చేరింది. 2024లో అనా మరియా టొర్రెస్‌ది చేరింది, ఆమె పక్కనే ఇంగ్లండ్ జేన్ కౌచ్‌ది.