చెమ్మ పట్టిన పాత గోడ: అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టాలో నా మిత్రుడి తాతగారు కట్టించిన పెంకుటిల్లు ఉంది. ఇటుకతో, డంగు సున్నంతో కట్టిన దాని గోడలు 18 అంగుళాల మందం. రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు అతను ఫోన్ చేసి, "గోడలు అడుగున రాలిపోతున్నాయి, పుట్టీ పెట్టించి రంగు వేయిద్దామనుకుంటున్నాను, ఒకసారి వచ్చి చూడరా" అన్నాడు. భవనాల మరమ్మతు పనిలో ఉన్న సివిల్ ఇంజనీరుగా ఇలాంటి గోడలు చాలా చూశాను. అయినా స్నేహితుడి ఇంట్లో నిలబడి ఇంటిల్లిపాదికీ ఒక్కొక్క సంగతీ విడమరిచి చెప్పవలసి వచ్చినప్పుడే, ఈ విషయంలో ఎన్ని అపోహలు పాతుకుపోయాయో నాకు పూర్తిగా తెలిసింది. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వాటర్‌ప్రూఫ్ పుట్టీ, రంగు వేస్తే చెమ్మ ఆగుతుంది.

వాస్తవం: గోడలోకి నీరు వచ్చే దారి ఒకటి, మనం రంగు వేసే చోటు మరొకటి. పాత ఇళ్లలో పునాదికీ గోడకూ మధ్య, అంటే బేస్‌మెంట్ మట్టంలో, తేమను అడ్డుకునే పొర సాధారణంగా ఉండదు. అందువల్ల నేలలోని నీరు ఇటుకలోని సన్నటి రంధ్రాల గుండా, దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్లు, పైకి పాకుతుంది. చాలా ఇళ్లలో ఇది సుమారు మీటరు ఎత్తు వరకు చేరి, అక్కడ గాలికి ఆరుతుంది. నీరు ఆరిపోయినా అది మోసుకొచ్చిన లవణాలు గోడలోనే మిగిలిపోయి స్ఫటికాలుగా పెరుగుతాయి. వాటి ఒత్తిడికి పుట్టీ పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఎంత ఖరీదైన రంగు వేసినా వెనక నుంచి వచ్చే ఈ తోపుడుకు అది నిలవదు. పైగా ఆ లవణాల్లో కొన్ని గాలిలోని తేమను కూడా పీల్చుకుంటాయి కాబట్టి, నేల నుంచి నీరు రావడం తగ్గిన తరువాత కూడా వానాకాలంలో ఆ మచ్చలు మళ్లీ కనిపించవచ్చు.

అపోహ: గోడకు నడుము ఎత్తు వరకు టైల్స్ అతికిస్తే శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: కొన్ని నెలలు శుభ్రంగానే ఉంటుంది. టైల్ గుండా నీరు ఆరే వీలు లేదు కాబట్టి చెమ్మ దాని వెనకనే పైకి ఎక్కి, టైల్స్ ముగిసిన గీతకు పైన కొత్త మచ్చగా తేలుతుంది. నా మిత్రుడి వంటింట్లో సరిగ్గా ఇదే జరిగింది. మూడడుగుల ఎత్తున ఉన్న చెమ్మ టైల్స్ వేసిన తరువాత అయిదడుగులకు చేరింది.

అపోహ: సున్నం పాతకాలపు సరుకు, సిమెంటే బలం.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పాత ఇళ్లకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే.

సిమెంటు బలమైనదనడంలో సందేహం లేదు, కానీ పూత గోడ కన్నా బలంగా ఉండడం పాత గోడకు మేలు కాదు. నాటు బట్టీల్లో కాలిన పాత ఇటుక మెత్తనిది, సున్నపు అతుకు దానికన్నా మెత్తనిది. నీరు ఆవిరిగా బయటికి పోవడానికి ఆ రెండూ దారి ఇస్తాయి. అలాంటి గోడపై గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే ఆవిరి పోయే దారి బాగా తగ్గిపోయి, లవణాలు ప్లాస్టరింగుకూ ఇటుకకూ మధ్య పేరుకుంటాయి. బయటికి గోడ నున్నగా కనిపిస్తూనే ఉంటుంది, లోపల ఇటుక మాత్రం పొడిగా మారుతుంది. మిత్రుడి ఇంట్లో పదిహేనేళ్ల నాటి సిమెంటు ప్లాస్టరింగును మేము విప్పినప్పుడు, దాని వెనక ఇటుక వేలితో గీస్తే రాలింది. అదే గోడకు అటకపై ఎవరూ ముట్టుకోని చోట, తాతగారి కాలపు సున్నపు పూత నేటికీ గట్టిగా ఉంది. నేను చెప్పిన మాటలన్నిటికన్నా ఆ రెండింటినీ పక్కపక్కన చూడడమే ఆ కుటుంబానికి నమ్మకం కలిగించింది.

కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి గానుగలో రుబ్బిన సున్నం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతారు. అంత లేకపోయినా మంచి సున్నపు పూత సాధ్యమే. తాజా రాతి సున్నాన్ని, అంటే కాల్చిన సున్నపు గడ్డలను, నానబెట్టి, నీటి కింద కనీసం రెండు వారాలు మగ్గనిచ్చి, ఒక పాలుకు మూడు పాళ్ల చొప్పున ఉప్పు లేని నది ఇసుక కలిపి వాడవచ్చు. బస్తాలో ఏళ్ల తరబడి నిలవ ఉన్న సున్నపు పొడి మాత్రం గాలిలోని కార్బన్ డయాక్సైడును అప్పటికే పీల్చుకుని ఉంటుంది కాబట్టి పనికి రాదు. రాతి సున్నంలో నీళ్లు పోసినప్పుడు అది సలసల మరుగుతుంది, చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లను కాపాడే అద్దాలు, చేతి తొడుగులు లేకుండా స్నేహితులను గాని పిల్లలను గాని ఆ దరిదాపులకు రానీయకండి.

"కాస్త సిమెంటు కలిపితే త్వరగా పట్టుకుంటుంది" అని మేస్త్రి అంటే ఒప్పుకోవద్దు. మనం ఏ గుణం కోసం సున్నాన్ని ఎంచుకున్నామో ఆ గుణమే దానితో తగ్గిపోతుంది. సున్నం గాలి నుంచి కార్బన్ డయాక్సైడును తీసుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక పలచటి పూతలుగా వేసి, పూతకూ పూతకూ మధ్య ఎండకు ఒక్కసారిగా ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి, కొన్ని రోజుల వ్యవధి ఇవ్వాలి.

అపోహ: తప్పంతా గోడదే.

వాస్తవం: చాలాసార్లు తప్పు వాకిట్లో ఉంటుంది. వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల, ఒకప్పుడు వీధికి రెండు మెట్ల ఎత్తున ఉన్న ఇల్లు ఇప్పుడు వీధి మట్టానికి చేరింది. దానికి తోడు బురద కాకుండా ఉండాలని పెరడంతా గోడ దాకా సిమెంటు చేయిస్తారు. అంతకుముందు నేలలో నుంచే ఆరిపోయే తేమకు అప్పుడు గోడ తప్ప వేరే దారి ఉండదు. చూరు నుంచి జారే వాన నీళ్లు ఆ సిమెంటు మీద పడి గోడకే చిమ్ముతాయి. నీరు పల్లమెరుగు అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. మేము ముందుగా చేసిన పని లోపల కాదు, బయట. గోడ వెంబడి అడుగున్నర వెడల్పున సిమెంటు పగలగొట్టి, కంకర నింపి, వాటం ఇంటి నుంచి బయటికి ఉండేలా సరిచేసి, చూరుకు రేకు గొట్టం కట్టించాము. ఆ వానాకాలంలోనే తేడా కనిపించింది.

అపోహ: నలుగురు స్నేహితులు కలిస్తే ఒక ఆదివారంలో పూర్తవుతుంది.

వాస్తవం: సిమెంటు పొర విప్పడం ఒక ఆదివారంలో అవుతుంది, గోడ ఆరడం మాత్రం మన చేతిలో లేదు. మందంలో అంగుళానికి ఒక నెల అని మేము మోటు లెక్క వేస్తాము. రెండు వైపులా గాలి తగిలినా 18 అంగుళాల గోడకు దగ్గర దగ్గర ఏడాదిన్నర పడుతుందన్న మాట. ఈ మాట పండుగకు ముందు చెప్పడం కష్టం. మిత్రుడు చిన్నబుచ్చుకున్నాడు, వాళ్ల అమ్మగారు చుట్టాలు ఏమంటారోనని బాధపడ్డారు. అయినా ఆ సమయంలో నేను చేయగలిగిన సాయం అదేనని నమ్మాను. రంగు డబ్బాలు మోయడానికి మనుషులు దొరుకుతారు, ఇప్పుడు వేయవద్దని చెప్పగలిగేది దగ్గరివాళ్లే.

విప్పే పనిలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గోడలో కరెంటు పైపులు ఉంటాయి కాబట్టి మెయిన్ ఆపిన తరువాతే ఉలి పెట్టాలి. గోడలో పగుళ్లు ఉంటే వాటికి అడ్డంగా చిన్న గాజు పలకలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాసి ఉంచాలి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం కాబట్టి, అక్కడితో పని ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి.

మిత్రుడి ఇంట్లో రాలిపోయిన ఇటుకలు తీసి పాతవే వేరే చోట నుంచి తెచ్చి అమర్చాము. గోడ మీద తేలిన ఉప్పును వారానికొకసారి పొడి బ్రష్షుతో దులిపి, చీపురుతో ఎత్తి బయట పారబోసే పని వాళ్ల అమ్మగారే తీసుకున్నారు. ఆ ఉప్పును నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది కాబట్టి పొడిగానే తీయాలి. మొదటి సంక్రాంతికి ఆ గోడలు ఇటుకలు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో వేసవిలో సున్నపు పూత వేశాము. వంటింటి టైల్స్ తీసిన గోడ మాత్రం ఇంకా పూర్తిగా ఆరలేదు, దానికి వచ్చే వేసవిలో పూత వేస్తాము.